తడిబాటపై రెండు చక్రములు

కోనసీమలో మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు కార్తికమాసపు తుపానులు శాంతించువఱకు కాలువగట్ల వెంబడి సాగు తారుబాటలు తరచుగా తడిసియే యుండును. ఆ బాటలపై చిరకాలము ఆర్టీసీ బస్సు నడిపి యిప్పుడు విశ్రాంతి గైకొనుచున్న ఒక మేనమామకును, కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచు అనుదినము మోటారు సైకిలుపై రాకపోకలు సాగించు ఆయన మేనల్లునికిని జరిగిన వాద మిది. వానకాలమందు ద్విచక్రవాహనము నడుపువాని క్షేమమునే యిరువురును కోరుదురు. కాని యొకరిది డ్రైవరు సీటునుండి చూచిన కన్ను, రెండవవారిది లెక్క గట్టిన బుద్ధి యగుటచే వారికి సమ్మతి యరుదు. నాకు మాట తోచినచోట నేనును నడుమ కల్పించుకొందును.

మామ: అబ్బాయీ, నీవెన్ని చెప్పినను నా మాట యొక్కటే. వాన పడుచుండగా రెండు చక్రముల బండి రోడ్డుమీదికి రాకూడదు. ఆరు చక్రముల బండి జారినను నిలుచుండియే జారును. రెండు చక్రములవాడు జారెనా, పడుటయే. అట్లు పడినవాడు నా బస్సు ముందునకు కొట్టుకొనివచ్చుట నేను చూచితిని. నా బరువంతయు బ్రేకుమీద మోపియున్నను, బస్సు ఆగువఱకు నా ప్రాణము నాలో లేదు. ఆ దృశ్యము చూచినవాడు ఎవనితోను 'జాగ్రత్తగా నడుపుకో' అనడు. 'ఇంటిపట్టున ఉండు' అనును.

అల్లుడు: మామయ్యా, ఇంటిపట్టున ఉండగలవాడు మీ మాటను శిరసావహించవలసినదే. కాని తెల్లవారకముందే పాలకేంద్రమునకు క్యానులు చేర్చువాడును, ఊరూరు తిరుగు మందుల కంపెనీ ప్రతినిధియు, రాత్రి డ్యూటీ ముగించి వచ్చు నర్సును ఏమి చేయుదురు? వారికి కారు లేదు. వారి వేళకు బస్సు లేదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరనియు, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై నున్నవారే యనియు కేంద్రప్రభుత్వపు నివేదికయే చెప్పుచున్నది. ఇంతమందికి మోటారు సైకిలే కాళ్లయినచోట మానుమని చెప్పిన వినువాడుండడు. ఎట్లు నడుపవలెనో చెప్పినచో ఒక్కడైనను వినును.

మామ: సరే, నడుపుమనియే యనుకొందము. ఎప్పుడు నడుపవచ్చునో చెప్పుము. పెద్దవాన కంటె తొలి చినుకే చెడ్డదని మా డిపోలో క్రొత్త డ్రైవరునకు గూడ తెలియును. నీ శాస్త్రమునకు తెలియునా?

అల్లుడు: తెలియును, కారణము గూడ తెలియును. ఎండకాలమంతయు ఇంజనులనుండి కారిన నూనెయు, టైర్లు అరిగి రాలిన రబ్బరు పొడియు, లారీలనుండి జారిన ధూళియు తారు రంధ్రములలో దాగియుండును. తొలకరి జల్లు వానిని కడిగి వేయజాలదు, పైకి తేల్చగలదు. అప్పుడు టైరునకును రోడ్డునకును నడుమ ఒక జిడ్డుపొర నిలుచును. జోరువాన కొంతసేపు కురిసినపిమ్మట ఆ పొర కొట్టుకొనిపోయి, రోడ్డు తడిగానున్నను కొంత నయమగును. కావున మబ్బు కమ్మి తొలి చినుకులు రాలుచున్నప్పుడు, 'వాన ముదరకముందే ఇల్లు చేరుదము' అని వేగము పెంచువాడు, ఆ దినమంతటిలో మిక్కిలి జారుడైన రోడ్డును ఏరుకొని, దానిపై మిక్కిలి వేగముగా పోవుచున్నాడన్నమాట. అర్ధగంట ఏ పెట్రోలు బంకులోనో ఆగుట అతనికి అన్ని విధముల లాభము.

మామ: బంకులో నన్నావు, బాగున్నది, ఫ్లైఓవరు క్రింద ననలేదు. నేను హైదరాబాదు రాత్రి సర్వీసునకు పోయినప్పుడెల్ల చూచెడివాడను. నాలుగు చినుకులు పడగానే మోటారు సైకిళ్లవారందఱును వంతెన క్రింద, నడిరోడ్డుపై, సగము దారి మూసి నిలుచుందురు. వానలో వచ్చు డ్రైవరునకు ఆ వంతెన క్రిందిది కటికచీకటి. వెలుతురునుండి చీకటిలోనికి వచ్చిన కన్నునకు వారు కనబడునప్పటికి దూరము మిగులదు.

అల్లుడు: దూరమన్నారు గనుక లెక్క చెప్పెదను, వినుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 17 మీటర్లు. అపాయమును చూచి చేయి బ్రేకును చేరుటకు ఒక సెకను పట్టినను, బండి బ్రేకే పడక 17 మీటర్లు పోవును. ఆపైన, పొడి తారుమీద రెండు బ్రేకులును చక్కగా వేసినచో సుమారు 20 మీటర్లలో ఆగవలసిన బండి, తడి తారుమీద ఘర్షణ దాదాపు సగమునకు పడిపోవుటచే 35 మీటర్లు తీసికొనును. మొత్తము 52 మీటర్లు. అదే తడిరోడ్డుపై 40 కిలోమీటర్ల వేగమున పోవువానికి సర్వము కలిపి 27 మీటర్లు చాలును. వేగములో మూడవవంతు వదలుకొనినవానికి దాదాపు సగము దూరము మిగులుచున్నది. ఏలయన బ్రేకు పడినపిమ్మట బండి పోవు దూరము వేగముతో గాక, వేగము యొక్క వర్గముతో పెరుగును.

మామ: నీ మీటర్లు బాగున్నవి. కాని నిదానముగా పోవుచునే పడినవారిని నేను చూచితిని. గేదె అడ్డము వచ్చినది, వాడు చేతి బ్రేకు పట్టినాడు, ముందు చక్రము క్షణములో ప్రక్కకు తప్పుకొన్నది, వాడు నేలమీద నున్నాడు. అందుచేతనే మేము కుఱ్ఱవాండ్రకు చెప్పునది: వానలో ముందు బ్రేకు జోలికి పోకుము, కాలి బ్రేకుతోనే సర్దుకొనుము.

అల్లుడు: మామయ్యా, మిమ్ముల నెదిరించి మాటాడుటకు మనసొప్పకున్నను, ఈ యుపదేశమును మాత్రము నేను ఖండింపక తప్పదు. బ్రేకు పడినప్పుడు బండి బరువు ముందునకు ఒరుగును. ముందు చక్రము నేలను గట్టిగా అదుముకొనును, వెనుక చక్రము తేలికయగును. తేలికయైన చక్రమునకు ఆపుశక్తి తక్కువ. ఎండరోడ్డుమీద ముందు చక్రపు వాటా మఱింత పెద్దది. తడిరోడ్డుమీద బండి అంత తీవ్రముగా ఆగలేదు గనుక ఒరుగుట తగ్గి, వెనుక బ్రేకు వాటా కొంత పెరుగును, ఇది మీ మాటలోని సత్యాంశము. అయినను అప్పటికిని ముందు చక్రముదే పైచేయి. వెనుక బ్రేకుతోనే ఆపదలచువానికి, రెండింటితో 35 మీటర్లలో ఆగవలసిన బండి అందుకు రెట్టింపునకు పైగా పోవును. మీ గేదె అన్ని మీటర్లు వెనుకకు జరుగదు గదా.

మామ: మఱి ముందు బ్రేకు పట్టినవాడు పడుట నేను కన్నులార చూచితినే!

అల్లుడు: చూచితిరి, నిజము. అతడు బ్రేకును ఒక్క పెట్టున గుంజినాడు. బరువు ముందు చక్రముమీదికి వచ్చుటకు ఒకింత వ్యవధి కావలెను. బరువు రాకముందే బిగుసుకొనిన చక్రము తిరుగుట మానివేయును. తిరుగని చక్రము దారి చూపజాలదు, నిలువును నిలుపజాలదు, జారును. మొదట కొంచెముగా తాకి, బరువు ముందునకు వాలినట్లు చేతికి తెలిసినపిమ్మట, ఆవు పొదుగునుండి పాలు పిండు చేతివలె వ్రేళ్లను క్రమముగా బిగించుకొనుచు పోయినచో, అదే బ్రేకు, అదే తడిరోడ్డు, బండిని నిలువునా ఆపును. వానలో మనిషిని పడవైచునది ముందు బ్రేకు కాదు, తొందర. చేతిలోని తొందర.

ఈ వాక్యమును మేనల్లుడు పలికినప్పుడు వాదమునకు కేంద్రము దొరకినదని నాకు తోచినది. మెల్లగా పోవుట యొకటి, మెత్తగా నడుపుట మఱియొకటి. తడిరోడ్డుమీద గేరు తగ్గించి క్లచ్చిని హఠాత్తుగా వదలినను వెనుక చక్రము జారును. మలుపు మధ్యలో యాక్సిలరేటరు త్రిప్పినను జారును. నూరింట ఏబది పాళ్లకు తగ్గిన పట్టును, వంగుట కొంతయు ఆగుట కొంతయు ఒకేసారి పంచుకొనుటకు చూచినచో రెంటికిని చాలదు. కనుక మలుపునకు ముందే, బండి నిటారుగా నున్నప్పుడే వేగము తగ్గించి, పిమ్మట చేతులను నిశ్చలముగా నుంచి తిరుగువాడే నేర్పరి. అయితే మేనమామ దీనికి చెప్పిన సమాధానమును నేటివఱకు నేను తోసిపుచ్చలేకున్నాను.

మామ: ఒక మాట అడిగెదను. గేదె ఎదుట నిలిచినప్పుడు, గుండె గొంతులోనికి వచ్చినప్పుడు, మనుష్యుని చేయి పాలు పిండునా? భయపడిన చేయి గుంజుటయే ఎఱుగును. నీవు నల్లబల్లమీద వ్రాసిన లెక్క ఆ క్షణమున వానికి జ్ఞప్తికి వచ్చునా?

అల్లుడు: రాదు. లెక్క జ్ఞప్తికి రాదు. అలవాటు మాత్రమే వచ్చును. అందుచేతనే అలవాటు ముందుగా చేసికొనవలెను. వాన వెలిసిన ఉదయమున, రాకపోకలు లేని తిన్నని రోడ్డు చూచుకొని, 20, 30 కిలోమీటర్ల వేగముతో పోవుచు రెండు బ్రేకులను క్రమముగా బిగించి ఆపుట మరల మరల చేసినవాని చేతికి, తడిరోడ్డు ఎంతవఱకు ఓర్చుకొనునో తెలియును. మన దేశములో లైసెన్సు కొఱకు ఎనిమిది అంకె వేయించెదరు గాని, తడినేలమీద బ్రేకు పట్టించి చూచువారు లేరు. నేర్పనిదానిని భయము నేర్పదు.

మామ: ఆ పని యంత్రమే చేయునని విన్నాను. ఏబీఎస్ అనెడిది ఉన్నదిగదా, గుంజినను చక్రము బిగుసుకొనదట.

అల్లుడు: ఉన్నది. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సీసీకి మించిన ప్రతి క్రొత్త బండికిని అది తప్పనిసరి యైనది. అంతకు తక్కువ వానికి, ఒక బ్రేకు తొక్కినచో రెండు చక్రములును పనిచేయు ఏర్పాటు చాలుననిరి. ఏబీఎస్ చక్రము బిగుసుకొనునని పసిగట్టి, బ్రేకును సెకనుకు పలుమాఱులు వదలుచు పట్టుచు ఉండును. ప్రాణరక్షకమే, సందేహము లేదు. కాని అది రోడ్డుమీద లేని పట్టును సృష్టింపజాలదు. 35 మీటర్లను 20 చేయజాలదు. బండి బాగుగా వంగియున్నప్పుడు సామాన్యపు ఏబీఎస్ ఆదుకొనునన్న నమ్మకము లేదు. పైగా పాత బండ్లు ఇంకను లక్షలుగా తిరుగుచున్నవి. వానిపై తిరుగువానికి తన చేయియే ఏబీఎస్.

టైర్ల ప్రసంగము వారు త్వరగానే ముగించిరి. వానలో పట్టు కొఱకు గాలి తగ్గింపవలెనని కొందఱు మెకానిక్కులు చెప్పుట మామ విన్నాడు. అది తప్పని అల్లుడు చెప్పెను. టైరు గాళ్లున్నది నీటిని ప్రక్కలకు నెట్టుటకే. గాలి తగ్గి మెత్తబడిన టైరు నీటిని చీల్చుకొని నేలను అందుకొనజాలదు. కంపెనీవారు చెప్పినంత గాలి, బండి నడువకముందు చల్లగానున్న టైరులో, అదియే కొలత. టైరు ప్రక్క అంచున చిన్న త్రికోణపు గుర్తొకటి యుండును. దానికి సూటిగా గాడి అడుగున నున్న రబ్బరు దిమ్మ పైభాగమునకు సమమయ్యెనా, ఆ టైరు మార్చవలసినదే.

మామ: ఇంతవఱకు నడుపువాని తప్పులే చెప్పుచుంటివి. రోడ్డు సంగతి యేమి? సార్వా దమ్ముల రోజులలో ఇనుప చక్రముల ట్రాక్టరు చేనినుండి రోడ్డెక్కి, గజముల పొడవునను ఒండ్రుమట్టిని విదిలించి పోవును. దానిమీద వాన పడినచో తారు కనబడదు, సబ్బు కనబడును. కోతల కాలమున రోడ్డుమీద ధాన్యము ఆరబోసి, తుపాను మబ్బు పట్టగానే బరకములు కప్పి, అవి యెగిరిపోకుండ బండరాళ్లు పెట్టుదురు. రాత్రి, వానలో, నల్లని రోడ్డుమీద నల్లని రాయి! నా బస్సే తడబడెడిది. మోటారు సైకిలువాని గతి యేమి?

అల్లుడు: ఆ రైతునకు కల్లము లేదు మామయ్యా, ఉన్న స్థలమెల్ల చేపలచెరువులును కొబ్బరితోటలును అయినవి. అయినను మీరు చెప్పినది కాదనలేను. రోడ్డు చేయువారి తప్పు గూడ కలదు. తెల్లచారలు ఎండలో ఎంత నునుపో వానలో అంతకు రెట్టింపు ప్రమాదము. మ్యాన్‌హోలు మూతలును, వంతెనల అతుకులలోని ఇనుప పలకలును, లెవెల్ క్రాసింగు పట్టాలును తడిసినప్పుడు దాదాపు పట్టులేనివే. పట్టాలను వీలైనంత అడ్డముగా, నిటారుగా దాటవలెను. ఏటవాలుగా పోయినచో చక్రము పట్టా వెంబడి జారును. ఒక సంగతి చెప్పెదను, మీకు ఆశ్చర్యము కలుగును. ఇంగ్లండులో రోడ్డు జారుడును కొలుచుటకు తొలినాళ్లలో పరిశోధకులు వాడిన యంత్రము పక్కబండి గల మోటారు సైకిలే. ఆ పక్కచక్రమును నడక దిశకు కొంచెము వంకరగా బిగించి, తడిరోడ్డుపై నడిపి, అది ఎంత బలముతో ప్రక్కకు ఎదిరించునో కొలిచిరి. ఆ మార్గముననే రోడ్ల జారుడును ఏటేట కొలిచి, పట్టు తప్పినచోట పైపొర మార్చు పద్ధతి అక్కడ స్థిరపడినది. మన గ్రామీణపు రోడ్లను అట్లు కొలుచువారున్నచో, ప్రతి ప్రమాదమునకు 'అతివేగమే కారణము' అని వ్రాయుట తగ్గును.

మామ: కొలుచువారు వచ్చువఱకు నా మాట వినుము. బస్సు డ్రైవరుగా చెప్పుచున్నాను: వానలో నీవు మాకు కనబడవు. వైపరు తుడిచినంత మేరయే మా అద్దము. ప్రక్క అద్దములనిండ చినుకులు. ఎడమవైపు ముందు చక్రము దగ్గఱ నున్నవాడు ఎండలోనే కనబడడు. నీలమో నలుపో రెయిన్‌కోటు తొడుగుకొని, లైటు వేయక, లారీ వెనుక లేచు నీటితుంపరలలో దూరి, సందు దొరికినదని ఎడమవైపునుండి దాటబోవువాడు తన చావును తానే వెదకుకొనుచున్నాడు. 2017 నుండి క్రొత్త బండ్లకు లైటు దానంతటదే వెలుగుచున్నది, మంచిదే. పాతవాడు చేతితో వేసికొనవలెను. పసుపుపచ్చని కోటు కొనుము. వదులుగా కొట్టుకొనునది వలదు, చైనులో పడును.

అల్లుడు: ఈ మాటలో మీకు నేను శిష్యుడను. హెల్మెట్టు అద్దము ఆవిరి పట్టినప్పుడు ఒక వ్రేలెడు తెఱచిన చాలును. నల్లద్దము రాత్రి వానలో పనికిరాదు. వెనుక కూర్చున్నవారు గొడుగు విప్పుట మాత్రము చూడలేకున్నాను. గాలి ఆ గొడుగును పట్టుకొనినచో, గొడుగుతోబాటు మనిషియు వెనుకకు పోవును.

మామ: ఇంక వాగు సంగతి. మారేడుమిల్లి వైపు ఏజెన్సీ రోడ్లమీద వాగు పొంగి కాజ్‌వేపై ప్రవహించుచున్నప్పుడు, 'మోకాలి లోతేగదా' అని దిగువానికి నీ శాస్త్రము ఏ యుపాయము చెప్పును?

అల్లుడు: ఏ యుపాయమును చెప్పదు. నీటి వేగము రెట్టింపైనచో దాని తోపుడు నాలుగింతలగును. బండి ప్రక్కభాగమంతయు ఆ తోపుడునకు తెఱచాపవలెనే యగును. అడుగున కాజ్‌వే మిగిలియున్నదో కొట్టుకొనిపోయినదో పైనుండి తెలియదు. అక్కడ మీ మాటయే శాస్త్రము: ఆగవలెను, వెనుకకు మరలవలెను. నిలిచియున్న నీటిలోనుండి వచ్చినవాడు గూడ, బ్రేకులను కొంతదూరము తేలికగా నొక్కుచు ఆరబెట్టుకొననిదే వేగము పెంచరాదు.

మామ: చూచితివా, చివరకు నా మాటకే వచ్చితివి. వానలో ఆగుము.

అల్లుడు: వాగుకడ వచ్చితిని, ఊరిలో రాలేను. రాజమహేంద్రవరములోను, హైదరాబాదులోను సంచి వీపున గట్టుకొని భోజనము చేర్చు కుఱ్ఱవాడున్నాడు. చేర్చిన పార్సిలునకే వానికి కూలి. వాన హెచ్చినకొలది ఆర్డర్లు హెచ్చును, ఫోను మ్రోగును. ఆగినచో వానికి కూడు లేదు. వానికి మీరేమి చెప్పుదురు?

మామ: ఆగుమనియే చెప్పుదును.

అల్లుడు: అతడు ఆగడు. నేను వానికి బ్రేకు పట్టుట నేర్పెదను.

మామ: నేర్చినవాడు గూడ తొందరలో గుంజునురా అబ్బాయీ. చేతిలోని తొందర నీవు మాన్పగలవు. ఆ ఫోనులోని తొందర నెవ్వరు మాన్పుదురు?

ఈ ప్రశ్నకడ వారి వాదము నిలిచిపోయినది. నాకును దానిని దాటిపోవు దారి కనబడలేదు. బ్రేకు విషయమున నేను మేనల్లుని పక్షమును, వాగు విషయమునను రోడ్డుమీద కనబడుట విషయమునను మేనమామ పక్షమును అవలంబించుచున్నాను. కడపటి ప్రశ్న మాత్రము వారిద్దఱికంటె, ఇంటిలో కూర్చుండి భోజనము తెప్పించుకొను మనకు చెందినది. చదువరులారా, జడివాన కురియుచుండగా ఆర్డరు పెట్టకుండుట మేలు. పెట్టినచో, ఆ కుఱ్ఱవానికి ఫోను చేసి 'ఎంతవఱకు వచ్చితివి' అని అడుగుటకు మారుగా 'వాన తగ్గినపిమ్మటనే రమ్ము, నేను ఆలస్యమని వ్రాయను' అని ఒక్క మాట చెప్పుడు; చెప్పినట్లే నడచుకొనుడు.